రెండు వేళ్ళ ఆసరా

ఆయన దుకాణాన్ని దుకాణమనడం మర్యాద కోసమే. రెండంతస్తుల భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన మూలకు ఎవరో ఒక తలుపు బిగించారు. ముప్ఫయ్యెనిమిదేళ్ళ క్రితం ఆయన ఆ తలుపు వెనక కూర్చున్నాడు, నేటివరకూ లేవలేదు. నిలబడితే తల మెట్టుకు తగులుతుంది గనుక నిలబడే అలవాటే పోయింది. ఒక బల్ల, ఆ బల్లమీద మెడ వంచిన దీపం, గాజుమూతల కింద విప్పిపెట్టిన గడియారాలు, కుడికంటికి బిగించుకునే నల్లని భూతద్దం, ఇదే ఆయన ప్రపంచం. వీధివారికి ఆయన గడియారాలాయన. మరదలికి బావ. భార్యకు మాత్రం సందర్భాన్ని బట్టి "ఏమయ్యా" మొదలుకొని "ఓ మహానుభావా" వరకూ పలు బిరుదులతో పిలువదగిన మనిషి.

ఆ భార్య బడిపిల్లల దుస్తులు కుట్టే ఒక పనిశాలలో బట్ట కత్తిరించేది. ఆరు పొరల గుడ్డను ఒకదానిమీద ఒకటి పరిచి, సుద్దగీత వెంట పెద్ద కత్తెర నడిపిస్తే అడుగు పొరకూ పై పొరకూ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అక్కడి ఆడవాళ్ళంతా ఆమెను కత్తెరక్క అనేవారు. ఆ పిలుపు ఆమె చేతికీ చెల్లింది, నోటికీ చెల్లింది.

ఏడు నెలల క్రితం ఒక మధ్యాహ్నం, కత్తెర చేతిలో ఉండగానే, ఆమె కుడిచెయ్యి చెప్పిన మాట వినడం మానేసింది. పక్షవాతం అన్నారు. ముద్దగా మారిన మాట మూడు వారాలకు పదునుతో సహా తిరిగి వచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడక వచ్చింది. చెయ్యి రాలేదు. భుజం కదిలేది, మోచెయ్యి కొంత వంగేది. అక్కణ్ణుంచి కిందికి మాత్రం ఆ చెయ్యి ఆమెది కాదు. వేళ్ళు సగం ముడుచుకుని, ఎక్కడ పెడితే అక్కడ ఉండేవి. వేడి తెలియదు, చల్లన తెలియదు, ఎవరైనా పట్టుకున్నదీ తెలియదు. కళ్ళతో చూసి తెలుసుకోవలసిందే.

ఆసుపత్రి నుంచి వ్యాయామాలు చేయించే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. రబ్బరుబంతి నొక్కమనేది, గిన్నెలో గుండీలు ఏరమనేది.

"ఈ బంతి నన్ను చూసి ఇకిలిస్తోందే అమ్మాయ్. దీన్ని అవతల పారెయ్యి," అనేది ఆమె.

"ఏదో ఒకటి చెయ్యాలాంటీ. మీకు నచ్చిందే చెయ్యండి. చెయ్యి కదలడం ముఖ్యం."

"నాకు నచ్చింది కత్తెర. తెచ్చివ్వు."

ఆ అమ్మాయి నవ్వి ఊరుకునేది. గడియారాలాయన నవ్వలేకపోయేవాడు. పనిశాల నడిపే మేనేజరమ్మ మంచి మనిషే. కొత్త బడి సంవత్సరపు పని మొదలయ్యేదాకా ఆ బల్ల కత్తెరక్కదేనని, ఆ తరవాత తన చేతుల్లో ఏమీ ఉండదని ముందే చెప్పింది. ఆ బల్ల పోతే తన భార్య ఇంట్లో ఏమౌతుందో ఆయనకు తెలుసు. ఆమె కూర్చునే మనిషి కాదు. కూర్చోబెడితే మిగిలే మనిషి కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కాగితాలూ కలాలూ అమ్మే దుకాణం అద్దానికి అంటించిన ఒక ప్రకటన ఆయన కంటబడింది. చైనా కుంచెరాత, కొత్తగా నేర్చుకునేవారికి, ఆదివారం ఉదయం, పైగదిలో. కుంచె చాలా మెత్తనిదనీ, దాన్ని గట్టిగా పట్టనూ అక్కర్లేదు, నొక్కనూ అక్కర్లేదనీ ఆయన తనలో తాను తర్కించుకున్నాడు. ఇంటికెళ్ళి చెప్పాడు.

"బాగుంది," అన్నదామె. "మన అక్షరాలే రాయలేని చేతికి చైనా అక్షరాలా?"

"మన అక్షరాలైతే నీకు తెలుసు గనక, వంకర వస్తే బాధ. ఇవైతే వంకరో కాదో మనిద్దరికీ తెలీదు."

ఆ మాటకు ఆమె చాలా రోజుల తరవాత పగలబడి నవ్వింది. అయితే పదిమందిలో తన చెయ్యిని ప్రదర్శనకు పెట్టనన్నది. కావలిస్తే ఆయనే వెళ్ళి నేర్చుకొచ్చి ఇంట్లో నేర్పాలన్నది. అలా ఏ సరదా లేని ఆ మనిషి అరవై మూడో ఏట ఒక సరదా నేర్చుకోవడానికి మెట్లెక్కాడు.

నేర్పే ఆమె డెబ్భై దాటిన సన్నని మనిషి. పూర్వం ఒక ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేసేటప్పుడు, అక్కడి చీనా పెద్దమనిషి ఒకాయన దగ్గర పదకొండేళ్ళు అభ్యాసం చేసిందట. పొడవైన బల్లకు అటూ ఇటూ ఆరుగురు విద్యార్థులు. గడియారాలాయన పక్కన కూర్చునే ఆయన బస్సు కండక్టరుగా పదవీ విరమణ చేసినవాడు. ముప్ఫై ఏళ్ళు నిలబడి చేసిన ఉద్యోగం గనుక కూర్చుని చేసే సరదా వెతుక్కున్నానని చెప్పేవాడు.

మొదటి పాఠంలో కుంచె ముట్టుకోనివ్వలేదు. రాతిపలకమీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, నల్లని సిరాకడ్డీని గుండ్రంగా అరగదీయడమే. రెండో పాఠంలో ఒకటి అనే అక్షరం. ఒకటి అంటే ఒకే ఒక అడ్డగీత. ఇంతేనా అనుకున్నాడు గడియారాలాయన. నాలుగు వారాల తరవాత కూడా ఆ అడ్డగీత దగ్గరే ఉన్నాడు.

కుంచెను నిలువుగా పట్టుకోవాలి. అరచేతిలో కోడిగుడ్డు ఉన్నట్టు ఖాళీ ఉంచాలి. ముంజెయ్యి బల్లకు ఆనకూడదు. భుజం నుంచి కదలాలి. కుంచెమొన ముందుగా కాస్త ఎడమకు వెళ్ళి, తనలో తాను దాక్కుని, అక్కణ్ణుంచి కుడికి ఏకధాటిగా సాగి, చివర కొంచెం వెనక్కి మళ్ళి లేవాలి. అన్నిటికన్నా కఠినమైన నియమం, వేసిన గీతను మళ్ళీ దిద్దకూడదు.

గడియారాలాయన చెయ్యి దీనికి పూర్తిగా విరుద్ధమైన చదువు చదివింది. దాని మణికట్టు ఎప్పుడూ బల్లకు ఆనే ఉండాలి. కదిలితే వేళ్ళ కొసలు కదలాలి. అదీ ఊపిరి బిగబట్టి, రవంత కదిపి, ఆగి, భూతద్దంలోంచి చూసి, ఊపిరి వదిలి. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఆ చెయ్యి ఒక్క ఊపులో బొటనవేలి పొడవుకు మించి ప్రయాణం చేసి ఎరగదు. కాబట్టి అడ్డగీత బొటనవేలంత దూరం చక్కగా సాగేది, అక్కడ, ఎవరో చెయ్యెత్తి ఆపినట్టు, ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ బయలుదేరేది. ఆ కాగితమా, దూదిలాంటిది. క్షణం ఆగినా సిరా పీల్చేసి, ఆగినచోట ఒక ఉబ్బు చూపించేది.

"మీ గీతకు మోకాలు వచ్చిందయ్యా," అన్నది పంతులమ్మ.

"ఆపకూడదనే అనుకుంటున్నానమ్మా. అదే ఆగుతోంది."

"గడియారం గారూ," అన్నాడు కండక్టరు, తన కాగితంమీంచి తలెత్తకుండానే, "మీ గీత స్టాపు వచ్చినట్టు ఆగుతోందేంటండీ? ఎవరైనా దిగాలా?"

బల్లంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇంటికెళ్ళి ఇరవై కాగితాలు నల్లగా చేశాడు. ఇరవయ్యింటిలోనూ మోకాలు దాని చోట అది ఉంది.

తన గీతమీద ఆయనకు పెద్దగా ఆశ లేదు. ఆశంతా ఇంకో చేతిమీద. ఆ సంగతి పంతులమ్మకు చెప్పి సలహా అడిగాడు. పిల్లలకు అలవాటు చేయించినట్టే చేయించమన్నదామె. మొదట చెయ్యంతా పట్టుకుని రాయించాలి. రెండు వారాలయ్యాక మణికట్టు మాత్రం పట్టుకోవాలి. తరవాత మణికట్టు కింద రెండు వేళ్ళు ఆసరాగా ఉంచాలి. ఆ తరవాత వాటినీ తీసెయ్యాలి.

"చివరిదే ముఖ్యం. మరిచిపోకండి," అన్నది పంతులమ్మ.

ఇంట్లో పాఠం భోజనాల బల్లమీద, సాయంత్రం దుకాణం మూసి వచ్చాక. ఆయన సిరా అరగదీసి, ముడుచుకున్న ఆమె వేళ్ళ మధ్య కుంచె అమర్చి, పక్క కుర్చీలో కూర్చునేవాడు.

"ఒక్క గీతకు నెల రోజులు చదివొచ్చావా? నేనైతే ఆ నెలలో ఓ బడికంతా బట్టలు కోసి పడేసేదాన్ని."

"మాట్లాడకు. ఊపిరి తిన్నగా తీసుకో."

"ఇన్ని నెలలూ చేసిందదేగా!"

చెయ్యంతా పట్టుకున్న రెండు వారాలూ గడిచాయి. మణికట్టు పట్టుకున్న రెండు వారాలూ గడిచాయి. తరవాత రెండు వేళ్ళు. ఆ రెండు వేళ్ళ దగ్గర బండి నిలిచిపోయింది. కానీ నిలిచిపోయినట్టు ఆయనకు తోచలేదు. ఎందుకంటే గీతలు దివ్యంగా వస్తున్నాయి. గడియారాలాయన దృష్టిలో పట్టుకోవడమంటే పట్టకారుతో పట్టుకోవడం. వెంట్రుక కన్నా సన్నని తీగచుట్టను వంకర పోకుండా ఎత్తి అమర్చే వేళ్ళవి. అవి ఊరికే ఒకచోట ఆనినంత మాత్రాన దాన్ని పట్టుకోవడమని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆమెకా, ఆ చెయ్యి ఏ సంగతీ చెప్పదు. కింద వేళ్ళున్నాయో లేవో, అవి మోస్తున్నాయో తోస్తున్నాయో ఆమెకు తెలిసే దారి లేదు. కళ్ళు కాగితంమీదే ఉండేవి. తన చేతిలోని కుంచె కదలడం, దాని వెనక నల్లని గీత పుట్టడం ఆమె చూసింది. చూసినదాన్ని నమ్మింది.

వేళ్ళు తీసేద్దామని ఆయన రెండుసార్లు అనుకున్నాడు. ఆ రెండుసార్లూ ఆమె ఆయనవైపు తిరిగి, "బాగానే వస్తోంది కదూ?" అన్నది. ఆ ముఖం చూశాక రేపు తీద్దాంలే అనుకున్నాడు.

ఆమె కాగితాలను ప్రతి ఆదివారం పంతులమ్మకు చూపించేవాడు. చీనా గురువుల పద్ధతిలో పంతులమ్మ బాగా కుదిరిన గీత చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టేది. మొదటి వారం ఒకటి. మూడో వారం నాలుగు. ఆరో వారం పదకొండు.

"మా చిన్నప్పుడు సున్నా వస్తే తోలు తీసేవాళ్ళు. ఇక్కడేమో సున్నాలకోసం ఏడుస్తున్నాం," అన్నాడు కండక్టరు. ఆయనకు ఆ నెలంతా కలిపి రెండే వచ్చాయి.

పదకొండు సున్నల కాగితాన్ని ఆమె వంటింటి గోడకు అంటింపజేసింది. చెల్లెలు వచ్చినప్పుడల్లా దానికింద నిలబెట్టి మరీ చూపించింది. ఆ చెల్లెలు అదే పనిశాలలో కాజాలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. కాబట్టి సంగతి పనిశాలకు చేరింది. మేనేజరమ్మ చెవినా పడింది.

"అక్కా, ఆవిడ అడుగుతోందే. వచ్చే సోమవారం కొత్త పని మొదలౌతుందట. నీ సంగతేంటని."

"వస్తున్నానని చెప్పు," అన్నది కత్తెరక్క. "మొదట్లో నాలుగు పొరలే కోస్తాను. రెండు వారాలాగి ఆరు."

గడియారాలాయన ఆ మాట విని ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాట అబద్ధమని ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

ఆ సోమవారానికి ముందురోజు ఆదివారం. ముందు వారం నుంచీ అభ్యాసం మూడు అనే అక్షరం. ఒకదానికింద ఒకటి మూడు అడ్డగీతలు. గడియారాలాయన రాస్తూండగా పంతులమ్మ వెనక నిలబడి చూసింది. మూడు గీతలకూ మూడు మోకాళ్ళు, తీగకు కట్టిన ముడుల్లా ఒకే వరసలో దిగాయి. పంతులమ్మ బల్లమీద పక్కన పెట్టి ఉన్న భార్య కాగితాన్ని తీసుకుంది. దానిమీదా మూడు అనే అక్షరమే ఉంది. ఆయన కాగితాన్ని కూడా తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, అద్దానికి ఆనించి వెలుతురులో చూసింది.

"ఇలా రండి," అన్నది.

ఆయన వెళ్ళాడు. ఎండ రెండు కాగితాల్లోంచీ వస్తోంది. ఆరు గీతలు మూడుగా కనిపిస్తున్నాయి. ఆరు మోకాళ్ళు కూడా మూడుగానే కనిపిస్తున్నాయి.

"ఇది ఆవిడ రాసిందేనా?"

"ఆవిడేనమ్మా. నేను పక్కన కూర్చుంటానంతే."

"పక్కనంటే?"

"రెండు వేళ్ళు... ఇలాగ, కింద. ఊరికే ఆసరాకి."

"ఎప్పుడైనా తీసి చూశారా?"

కండక్టరు ఏదో సరదా మాట అనబోయి, ఆయన ముఖం చూసి, కుంచె సిరాలో ముంచుకున్నాడు.

"తప్పు నాది," అన్నది పంతులమ్మ, గొంతు తగ్గించి. "ఈ ఉబ్బులు నేను చూస్తూనే ఉన్నాను. బలం చాలక ఆగుతోంది పాపం అనుకున్నాను. బలం లేని చెయ్యి ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుందయ్యా. ఇది ప్రతిసారీ ఒక్కచోటే ఆగింది. మీరు ఆగేచోట."

"అయితే ఆవిడ చెయ్యి..."

"నేను చెప్పలేను. వేళ్ళు తీసి చూడండి."

"రేపు పనికి వెళ్తోందమ్మా," అన్నాడాయన, ఆమె ఏదైనా చేయగలదన్నట్టు. "కత్తెర పట్టుకోవడానికి. రమ్మన్నారు. వస్తానంది."

పంతులమ్మ కాగితాలు మడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆ వారం సున్నలు చుట్టలేదు.

ఆ కాగితాల దుకాణం నుంచి ఇంటికి నడక పది నిమిషాలు. ఆయన అరగంట నడిచాడు. దారిలో మాటలు కూర్చుకున్నాడు, విడదీశాడు, మళ్ళీ కూర్చాడు. గడియారమైతే ఏ చక్రం ఎక్కడ అరిగిందో చూసి చెప్పేసేవాడు. గిరాకీదారు ముఖం ఎలా మారినా ఆయనకు పట్టేది కాదు. ఇప్పుడు చూడవలసింది ఆమె ముఖం. చెప్పకుండా ఊరుకుంటే? రేపు పదిమంది ఎదుట, ఆరుగజాల బల్ల ముందు, కత్తెరే చెబుతుంది. అంతకన్నా ఘోరం లేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

గుమ్మంలో అడుగు పెట్టాడు. మరదలు ఇస్త్రీబల్ల వేసి, అక్క పనికి తొడుక్కునే నీలిరంగు పైఅంగీకి ఇస్త్రీ చేస్తోంది. కత్తెరక్క కుర్చీలో కూర్చుని ఆజ్ఞలిస్తోంది.

"జేబు మడత చూడవే. ఏడు నెలల మడత అది. ఏమయ్యా, ఎన్ని?"

"ఏవి?"

"ఏవేంటి? సున్నాలు!"

"ఈ వారం ఆవిడ... ఎర్రసిరా తేలేదు."

"పంతులమ్మ సిరా మరిచిపోయిందా? మరి నువ్వు భూతద్దం ఎప్పుడు మరిచిపోతావు?"

"అక్కా," అన్నది మరదలు, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "ఎప్పుడూ గోడమీదిదే చూపిస్తావు. ఒక్కసారి నా కళ్ళముందు రాయవే. రేపు అక్కడ అందరూ అడుగుతారు, నేను చూశానని చెప్పుకోవద్దూ?"

"ఇప్పుడెందుకమ్మా," అన్నాడాయన. "ముందు భోజనాలు కానీ..."

"భోజనం ఎక్కడికీ పోదు బావా. సిరా అరగదీయండి."

ఆయన సిరా అరగదీశాడు. అంతసేపు ఎప్పుడూ అరగదీయలేదు. కాగితం పరిచాడు. ఆమె వేళ్ళ మధ్య కుంచె అమర్చాడు. మణికట్టు కింద రెండు వేళ్ళు పెట్టి కుంచెమొన కాగితానికి తాకేదాకా ఉంచాడు. అప్పుడు తీసేశాడు. తీసిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

కుంచె అక్కడే నిలిచింది. దానికింద నల్లని చుక్క ఒకటి పుట్టి, మెల్లగా పెద్దదై, కందిగింజంత అయి, గుండీ అంత అయింది.

"ఉండు, వస్తుంది," అన్నదామె.

భుజం కొంచెం లేచింది. మోచెయ్యి వణికింది. చుక్క ఇంకా పెరిగింది. గీత పుట్టలేదు.

"ఏంటక్కా, ఆలోచిస్తున్నావా?" అన్నది మరదలు.

ఆమె కాగితంమీంచి చూపు తీసి, ఇన్నాళ్ళలో మొదటిసారిగా, తన మణికట్టు కిందికి చూసుకుంది. అక్కడ ఏమీ లేదు. భర్త ఒళ్ళోకి చూసింది.

"వేళ్ళేవి?"

"తీశాను."

"ఎందుకు తీశావు?"

"పంతులమ్మ తియ్యమంది."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. బట్ట ఎక్కడ జారిందో వెతికేటప్పుడు ఆ కళ్ళు అలాగే అయ్యేవి.

"పెట్టు," అన్నది.

ఆయన పెట్టాడు. కుంచె కదిలింది, చుక్కలోంచి గీత బయలుదేరి కుడికి సాగింది.

"తియ్యి."

తీశాడు. కుంచె ఆగింది.

"పెట్టు."

సాగింది.

"తియ్యి."

ఆగింది. మూడోసారీ అదే చేయించింది. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు గీతలోకి కూడా వచ్చింది. అది చూశాక ఆమెకు ఇంకేమీ చూడవలసిన అవసరం లేకపోయింది.

"ఎప్పట్నుంచి?"

"నాకూ ఇవాళే తెలిసింది. ఒట్టు."

"ఎప్పట్నుంచని అడిగాను."

"మొదట్నుంచీ," అన్నాడాయన.

మరదలు ఇస్త్రీపెట్టె తీగ పీకేసింది. ఎవరివైపు చూడాలో తెలియక అంగీవైపు చూస్తూ నిలబడింది.

"నేను వెళ్ళి ఆవిడతో చెప్తాలే అక్కా. ఒంట్లో బాగాలేదని, ఇంకో నెలలో..."

"ఏమీ చెప్పకు. నువ్వు ఒకటి చెబితే అక్కడ పది వినపడతాయి."

"పోనీ నేను చెప్తాను," అన్నాడు గడియారాలాయన.

"నువ్వు చెప్పేవాడివైతే ఇందాక గుమ్మంలోనే చెప్పేవాడివి," అన్నదామె. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు కొంత దారి దొరికేది. "రేపు నన్నే తీసుకెళ్ళు. వస్తానని కబురు పంపింది నేను. రానని చెప్పేదీ నేనే."

తరవాత ఎడమచేత్తో, కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కుంచె తీసింది. ఆయన సాయం చేయబోయి, అనుమతి ఉన్నదో లేదో తెలియక, చెయ్యి గాలిలో ఉంచాడు.

సోమవారం ఉదయం ఆమె ఆ నీలిరంగు అంగీయే వేయించుకుంది. గుండీలు పెడుతున్నంతసేపూ ఆయన మాట్లాడాలని చూశాడు. ప్రతి గుండీ దగ్గరా ఒక మాట మొదలై, కాజాలోకి దూరి పోయింది.

పనిశాల మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కేటప్పుడు పట్టుకునే కమ్మీ ఎడమపక్క ఉండడంతో ఆమె ఒక్కతే ఎక్కింది. పైన పొడవాటి గది, రెండు వరసల మిషన్లు, చివర కిటికీల కింద కత్తిరించే బల్ల. బల్లమీద బూడిదరంగు గుడ్డ పొరలు పరిచి, అంచులు సరిచేసి, బరువులు పెట్టి సిద్ధంగా ఉంచారు. ఆమె కోసమే ఉంచారని చూడగానే తెలుస్తోంది.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. "అక్కొచ్చింది! కత్తెరక్కొచ్చింది!" అని ఎవరో అరిచారు. మేనేజరమ్మ తన గదిలోంచి నవ్వుతూ వచ్చి కుర్చీ లాగింది.

ఆమె కూర్చోలేదు. బల్ల దాకా నడిచి, పై పొరను ఎడమ అరచేత్తో ఒకసారి నిమిరి, గదివైపు తిరిగింది.

"చెయ్యి రాలేదమ్మా," అన్నది. "వచ్చిందనుకున్నాను. రాలేదు. ఈ బల్ల ఇంకెవరికైనా ఇవ్వండి."

"అదేంటి, మొన్నే కదా..."

"పొరపాటు పడ్డాను. మా ఆయన చాలా శ్రమపడ్డాడు. ఈ వయసులో మెట్లెక్కి ఆ రాత నేర్చుకొచ్చి, రోజూ పక్కన కూర్చుని నేర్పాడు. ఆయన తప్పేం లేదు. చెయ్యే రాలేదు."

తలుపు దగ్గర ఆమె చేతిసంచి పట్టుకుని నిలబడ్డ గడియారాలాయన నేలవైపు చూశాడు. ఆమె తిడుతుందని రాత్రంతా సిద్ధపడ్డాడు, దీనికి సిద్ధపడలేదు. అందరూ ఆయనవైపు జాలిగా చూస్తున్నారు. అందరికీ వినపడేలా అసలు సంగతి చెప్పాలనిపించింది. ఏ సంగతి? తాను ఆ చెయ్యిని పట్టుకోలేదని అనుకున్నాడు, పట్టుకున్నాడు. అది కదులుతోందనుకున్నాడు, తానే కదిపాడు. ఇందులో నిలబడి చెప్పడానికి ఏముంది?

మేనేజరమ్మ ఏదో అన్నది. మడతలు పెట్టే పనికైనా రమ్మనో ఏమో. "చూద్దాంలే," అన్నది కత్తెరక్క, మాట నిలబెట్టుకోవలసిన అవసరం లేనివాళ్ళు అనే తీరులో. చెల్లెలు మిషను దగ్గర తల వంచుకుని ఏడుస్తుంటే, పక్కనుంచి పోతూ, "కాజా వంకర పోతుందే, చూసుకో," అన్నది.

మెట్ల దగ్గరికి వచ్చారు. దిగేటప్పుడు ఆ కమ్మీ కుడిపక్కకు వస్తుంది. ఆమె ఒక్క క్షణం దాన్ని చూసింది. ఎడమపక్క సున్నం వేసిన గోడ తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆయన సంచి మెడలో తగిలించుకుని రెండు చేతులూ చాపాడు.

"పట్టుకోకు," అన్నదామె.

"ఇరవై మెట్లున్నాయే..."

"ఎన్నైనా ఉండనీ. ముందు నడువు. ఒక మెట్టు కింద ఉండు. పట్టుకోవద్దు, వెనక్కి చూడొద్దు. నేనెంత దిగగలనో నాకు తెలియాలి."

ఆయన ఒక మెట్టు దిగి నిలబడ్డాడు. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు. వెనక ఆమె అరచెయ్యి గోడకు రాసుకుంటున్న చప్పుడు వినపడింది. తరవాత కాలు ఈడ్చిన చప్పుడు. తరవాత ఏ చప్పుడూ లేదు.

"దిగావా?" అని అడిగాడు, గోడవైపు చూస్తూ.

"నువ్వు నడువు," అన్నదామె.

ఆయన ఇంకో మెట్టు దిగాడు.